లెక్క తప్పిన చుట్లు

జుమ్మేరాత్ బజార్ల కొన్న గిటారు.
పగిలిన కూలరుకు, మూత లేని కుట్టుమిషనుకు నడుమ
ఎల్లెల్కల పండుకోనుండె.
అమ్మెటాయన తీగ మీటి చూపలే,
నా చేతుల పెట్టి బరువు చూపిండు:
"కట్టె గట్టిది బేటా."

కట్టె గట్టిదే. గొంతే సగం లేదు.
ఆంపుకు తగిలిస్తే మెడ దిక్కు పికప్ పలికింది,
బ్రిడ్జి కాడిది సచ్చిపోయింది.
మీటరు పెడితే ముల్లు కదల్లే.
లోపల ఎక్కడ్నో తెగింది,
వెంట్రుక కన్న సన్నపు రాగితీగ.
కొత్తది కొనచ్చు,
గిటారు ధరకు రెండింతలు.

ముషీరాబాద్ల దస్తయ్య తాతది
ఫ్యాన్లు, మిక్సీలు, బోరు మోటార్లు చుట్టే పని.
పికప్‌ను అరచేతుల పెట్టుకొని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
"దీంట్ల తిరిగేదేది?"
ఏదీ తిరగది తాతా. పైన తీగ వణుకుతది, అంతే.
"వణికితే కరెంటు పుడ్తదా?"
పుడ్తది.
తన కుడిచెయ్యి దిక్కు చూసుకున్నడు,
రెండేండ్ల సంది నిలకడ లేని చెయ్యి.
"గట్లయితే నేను బల్బు ఎలిగియ్యాలె గద!"
నవ్విండు.
నేను నవ్వాల్నో వద్దో తెల్వలే.

ఎనిమిదివేల చుట్లు అని చెప్పిన.
నోట్లె లెక్క పెట్టుకుంట చుట్టిండు,
నూటికొక సుద్దగీత గోడ మీద.
ఆరువేల మూడునూర్ల కాడ
ఒకామె వచ్చి మిక్సీ అయిందా అన్నది.
అయింది.
ఇయ్యాలె, పైసలు తీసుకోవాలె, చిల్లర ఎతకాలె,
ఆమె బిడ్డ ఇంటర్ల ఫెయిలైన ముచ్చట మొత్తం వినాలె.
మళ్ల కూసున్నంక
"యాడిదాంక వచ్చిన?" అని నన్నడిగిండు.
నేనేమో బజార్ల పోతున్న బారాత్ మర్ఫా ఇనుకుంట నిలబడ్డ.
గోడ మీద అరవై మూడో, అరవై నాలుగో,
గీత మీద గీత పడ్డది.
"ఉండనీ. నిండినట్టు కండ్లకు ఎరుకైతది."

కొవ్వొత్తులు కరిగిచ్చి
కాయిలును మైనంల ముంచినం,
బుడగలు ఆగేదాంక చూసినం ఇద్దరం.

మిగిలింది నా పని.
తలకాడ తీగలు ఆనే ప్లాస్టిక్ గట్టును పీకేసి,
నిహారీ గిన్నెల మిగిలిన నల్లి బొక్కను
హోటల్ పిల్లగాన్ని అడిగి తెచ్చిన.
ఉడకబెట్టి, మేడ మీద వారం ఎండబెట్టి,
ఆకురాయితోని అరగదీసి ఆరు గాట్లు పెట్టిన.
"ఇంట్ల కుక్క లేని లోటు తీర్చినవ్" అన్నది అమ్మ.
టోన్ నాబ్ పాత రేడియోది,
దాని గీత ఇంకా ఏదో స్టేషన్ ఎతుకుతనే ఉంటది.

రాత్రి పదకొండుకు ఆఖరి టంకం.
పొగ కండ్లల్లకు పోయింది.
తీగ మీటితే
మూసిన దుకాణంల షట్టర్ సగం లేపినట్టు
ఒక ఎలుగు.
అంచులు సాఫ్‌గ లేవు. నాకు సాఫ్ కావాలని లేకుండె.

తెల్లారి చిన్న ఆంపుతోని దుకాణానికి తీసుకపోయిన.
నాకొచ్చిన మంచి ముక్క వాయించిన.
తాత కండ్లు మూసుకోని ఇన్నడు.
అయినంక అన్నడు:
"గుంయ్యిమంటున్నది. ఎర్తింగ్ చూసుకో."
కాసేపాగి,
"ఎదురు చుట్లది ఇంకోటి పక్కన పెడితే
మోతను మోత తింటది. చుట్టియ్యాల్నా?"
చుట్టు తాతా, అన్న.
గాని దీన్ని ముట్టకు.

మొన్న జూబ్లీహిల్స్ల వాయించి దిగంగనే
లక్షల గిటారు భుజాన ఉన్న ఒకాయన వంగి
నా పికప్ దిక్కే చూస్తున్నడు.
ఎవలు చుట్టిన్రు? ఎన్ని చుట్లు?

ఆరువేల మూడునూర్ల దాంక తెలుసన్నా, అన్న.
అటెన్క ఒకామె మిక్సీ కోసం వచ్చింది.